తెల్లగీత, నీలగీత

మాచన చచ్చిపోలేదు.

ఆ సంగతి కురువిందపురం కోట బురుజు మీద నగారా మోగించి మరీ చెప్పారు. ఎముకల కోనకు వెళ్లినవాడు ప్రాణాలతో తిరిగి రావడం నూరేళ్లలో ఇదే మొదటిసారి కనుక నగరమంతా వీధుల్లోకి వచ్చిపడింది. మేడల మీది ఆడవాళ్లు పూలు చల్లారు. మిఠాయి అంగళ్లవాళ్లు అడగకుండానే బెల్లపు మిఠాయి పంచిపెట్టారు. ఒక్క రుచిదత్తుడు మాత్రం తన చేతిలో పెట్టిన మిఠాయిని గోడ అవతలికి విసిరేశాడు.

మూడు రోజుల కిందట, ఇక మాచన రాడని అందరూ ఆశ వదులుకున్న నాడు, పరీక్షాశాల అరుగు మీద కూర్చుని అందరికంటే గట్టిగా ఏడ్చింది అతనే. "తమ్ముడిలాంటివాడు" అని గుండెలు బాదుకున్నాడు. చూసినవాళ్లు రుచిదత్తుడిది వెన్నపూస లాంటి మనసని చెప్పుకున్నారు. ఇప్పుడు ఆ ఏడుపంతా బూడిదలో పోసిన పన్నీరయింది.

రుచిదత్తుడు రాజపరీక్షకులు ఉపలాచార్యులవారి పెద్ద శిష్యుడు. కురువింద రాజ్యంలో ఏ రాయి విలువైనదో, ఏది పనికిరానిదో తేల్చేది ఉపలాచార్యులవారే. ఆయన దగ్గర రుచిదత్తుడు పద్దెనిమిదేళ్లుగా ఊడిగం చేస్తున్నాడు. ఆచార్యులవారి కళ్లకు పొరలు కమ్మినప్పటి నుంచి ఆయన కళ్లు కూడా తనే. మరి మాచన? మట్టి తవ్వుకు బతికేవాళ్ల పిల్లవాడు. మూడేళ్ల కిందట గోచీతో వచ్చాడు. వచ్చిన నెల తిరక్కుండానే ఆచార్యులవారికి వాడు ముద్దుబిడ్డ అయిపోయాడు. "రుచీ, త్రాసు పట్రా" అని ఇతన్ని పంపేవారు. "మాచనా, ఇలా వచ్చి కూచో నాయనా, ఈ రాయి ఏమంటోందో విందాం" అని వాణ్ని పిలిచేవారు. పద్దెనిమిదేళ్లలో ఏ రాయీ ఏమంటోందో వినమని రుచిదత్తుణ్ని ఒక్కనాడూ అడగలేదు. అడక్కపోవడమే అతన్ని కాల్చింది.

ఇక ఈ హడావిడంతా ఎందుకంటే, విజయకేసరి మహారాజుగారి ఒక్కగానొక్క కూతురు ఇందుమాలిని కోసం. కంకాళభట్టు అనే మాంత్రికుడు ఆమెను పెళ్లాడతానని కబురంపితే మహారాజు వాడి దూతకు గాడిదనిచ్చి సాగనంపాడు. వాడు ఎముకల కోనలో కూర్చుని ఏదో క్షుద్రం చేశాడు. ఆనాటి నుంచి రాకుమారి ఎముకలు ఒకదాని తర్వాత ఒకటి మైనంలా మెత్తబడుతున్నాయి. ముందు వేళ్లు, తర్వాత చేతులు, కాళ్లు. ఈ పొద్దు గుంకేలోగా మందు పడకపోతే వెన్నుపూస కూడా జారిపోతుందని రాజవైద్యుడు నిన్ననే చెప్పి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ మందుకు కావలసింది ఒక్కటే. నీలాస్థి అనే రాయి.

కురువింద పరీక్షకులు భూమ్మీది రాళ్లన్నిటినీ అయిదు జాతులుగా పంచారు. ఇసుక జాతి, లోహ జాతి, గంధక జాతి, గవ్వ జాతి, ఎముక జాతి. పుల్లటి రసం చుక్క పడితే బుసబుస పొంగేది గవ్వ జాతి. అదే రసంలో నురుగు లేకుండా మౌనంగా కరిగేది ఎముక జాతి. మన ఎముకల్లో ఏ సారం ఉందో ఆ రాళ్లలోనూ అదే సారం. ఎముక జాతిలోనే మహా అరుదైనది నీలాస్థి. రాయి అన్న మాటే గానీ రాయిలా ఉండదు. గోటితో గీకితే గీత పడుతుంది. కత్తిమొన ఆనిస్తే ఉల్లిపొరలా రేకలుగా విడిపోతుంది, ఆ రేకను వంచితే విరక్కుండా వంగుతుంది.

ఇంతవరకు పండితులందరిదీ ఒకటే మాట. తగువంతా గీత దగ్గర వచ్చింది. మెరుగు పెట్టని కాల్చిన పెంకు మీద రాయిని గీస్తే పడే పొడి రంగునే గీత అంటారు. ఒక గ్రంథంలో నీలాస్థి గీత తెలుపని ఉంది. ఇంకో గ్రంథంలో నీలమని ఉంది. అందుకని పూర్వులు అవి రెండు వేరు వేరు రాళ్లని తేల్చి, ఒకదానికి తెల్లగీత నీలాస్థి అని, మరోదానికి నీలగీత నీలాస్థి అని పేర్లు పెట్టి, రెండు అరల్లో సర్దేశారు. నూరేళ్లుగా తెల్లగీత పండితులకూ నీలగీత పండితులకూ మాటల్లేవు. ఒకసారి తలపాగాలు ఊడేదాకా కొట్టుకున్నారు కూడా. వైద్యగ్రంథం మాత్రం తేటగా చెప్పింది. నీలగీతది ప్రాణం పోస్తుంది. తెల్లగీతది దేనికీ కొరగాదు.

ఆ నీలగీత రాయి కోసమే నలభై రోజుల కిందట ఇద్దరు శిష్యులూ చెరో దిక్కుకూ బయలుదేరారు. తెచ్చినవాడికే తన తర్వాత పరీక్షకుల గద్దె అని ఆచార్యులవారు సభలో ప్రకటించారు. రుచిదత్తుడు మయూర గుహలకు వెళ్లి అయిదు రోజుల కిందట తిరిగొచ్చాడు. రెండు తలల కొండచిలువను దాటి, నెమలి మెడ రంగులో ధగధగలాడే రాయి తెచ్చాడు. ఆ కొండచిలువ రెండు తలలతోనూ గుర్రుపెట్టి నిద్రపోతోందన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. రెండో శిష్యుడి గడువు తీరేదాకా పరీక్ష జరపకూడదన్నది ఆచారం కనుక రాయి ఖజానాలో ఉంది. ఆ గడువు ఇవాళ మధ్యాహ్నంతో తీరుతుంది. ఇంకో రెండు గడియలు ఆగితే గద్దె తనదే. సరిగ్గా అప్పుడు నగారా మోగింది.

పరీక్షామండపం చూడాలంటే మధ్యాహ్నమే చూడాలి. నలభై ఎనిమిది స్తంభాలు, ఒక్కొక్కటి ఒక్కో రాతితో చెక్కింది. పచ్చలు తాపిన తోరణాల కింద పగడపు గుమ్మాలు, గుమ్మాల మీద ముత్యాల జాలర్లు. నడినెత్తిన గుండ్రటి గవాక్షం. సూర్యుడు సరిగ్గా దాని మీదికి వచ్చినప్పుడు వెలుగు ధారలా దిగి కింద ఉన్న నల్లరాతి పీఠం మీద పడుతుంది. దీపపు వెలుగులో రంగు చెప్పడం కురువిందలో నేరం. సింహాసనం మీద మహారాజు మూడు రాత్రులుగా నిద్రలేని కళ్లతో కూర్చున్నాడు. ఆయన పక్కన పట్టుపరుపు మీద ఇందుమాలినిని పడుకోబెట్టారు. తల ఒక్కటే తిప్పగలుగుతోంది.

అందరూ చూస్తుండగా మాచన వచ్చాడు. ఒంటి నిండా ఎండిన నల్లమట్టి. చంకలో గుమ్మడికాయంత మట్టిముద్ద. నవ్వితే పళ్లు మాత్రం తెల్లగా కనిపించాయి. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

'నేను వచ్చినప్పుడు కూర్చునే కొట్టారు' అనుకున్నాడు రుచిదత్తుడు.

"ఎట్లా బయటపడ్డావురా నాయనా?" అన్నారు ఆచార్యులవారు, వాడి మొహం చేతులతో తడుముకుంటూ.

"ఏం లేదు ఆచారిగారూ. ఆ కోన నిండా కావలికి అస్థిపంజరాలే. మనిషిలో ఎముకలుంటే వాటికి వాసనొస్తదంట. నేను ఒళ్లంతా నల్లమట్టి మెత్తుకుని మట్టిబొమ్మలాగా నిలబడ్డా. ఒకటొచ్చి నా ముక్కు పట్టుకు చూసింది. తుమ్మొచ్చింది, ఆపుకున్నా. 'వీడు ఒట్టి మట్టిరా' అని ఇంకోదానితో చెప్పి పోయింది."

సభ ఘొల్లున నవ్వింది. మహారాజు కూడా నవ్వాడు. నలభై రోజుల తర్వాత నవ్వాడు.

"కోన అడుగున బురదలో ఏ కాలంనాటి రాక్షసుడిదో తొడ ఎముక పాతుకుపోయుంది. తాటిమాను అంత ఉంది. అందులోకి పాక్కుంటా పోతే లోపల, చీకట్లో, ఇది పెరిగి ఉంది. తీసే లోపల కంకాళభట్టుకు తెలిసిపోయింది. కొరివిదయ్యాలను వదిలాడు. ఏట్లో దూకా. ఏడు రోజులు ఏటి ఒడ్డు నల్లబురద మెత్తుకుంటానే వచ్చా." మాచన మట్టిముద్దను చూపించాడు. "నల్లమట్టిలోంచి తీసింది ఆ మట్టిలోనే మొయ్యాలని మా తాత చెప్పేవోడు. అందుకే తడి ఆరనియ్యలేదు."

అతను పీఠం మీద మట్టిముద్దను పగలగొట్టాడు. లోపలి నుంచి వేలెడు పొడుగున్న రాయి బయటపడింది. దానికి రంగే లేదు. పటికబెల్లం పలుకులా నీళ్లనీళ్లగా ఉంది. దాని పక్కనే ఖజానా నుంచి తెచ్చిన రుచిదత్తుడి రాయి నెమలికంఠంలా మెరిసిపోతోంది. సభలో ఎవరో "అయ్యో" అన్నారు. ఆ అయ్యో రుచిదత్తుడి చెవుల్లో తేనె పోసింది.

కురువింద పరీక్షకులకు రెండు కట్టుబాట్లున్నాయి. తెచ్చినవాడు తన రాయిని తాను పరీక్షించకూడదు. పోటీకి వచ్చినవాడి రాయినే పరీక్షించాలి. తన రాయి మీద మమకారం కళ్లకు కమ్ముతుంది గానీ, ఎదుటివాడి రాయిలో తప్పు మాత్రం చీమంతైనా ఏనుగంత కనిపిస్తుందని పూర్వుల లెక్క. రెండో కట్టుబాటు, పెంకు మీద గీసేటప్పుడు బిగబట్టిన ఊపిరి వదిలేలోగా రంగు చెప్పెయ్యాలి. పూర్వం ఒక పరీక్షకుడు గీత గీసి, ఆలోచిస్తున్నట్టు నటిస్తూ, స్తంభం చాటునున్న వర్తకుడి సైగ కోసం చూశాడట. అప్పటి రాజు అతని తల తీయించి ఈ నియమం పెట్టాడు. ఊపిరి వదిలాక చూసినది ఏదైనా చూడనట్టే లెక్క.

ముందు మాచన నెమలి రంగు రాయిని తీసుకున్నాడు. గోటితో గీకాడు. గీత పడలేదు. రాగిపైసాతో గీకాడు, పడీపడనట్టు పడింది. పెంకు మీద గీసి, "ఆకుపచ్చ" అన్నాడు. నిమ్మరసం చుక్క వేశాడు. రాయి బుసబుసమని పొంగింది.

మాచన తలెత్తి రుచిదత్తుడి వైపు చూశాడు. వాడి కళ్లలో గెలిచానన్న గర్వం ఉంటే రుచిదత్తుడు భరించేవాడు. ఉన్నది జాలి.

"ఇది గవ్వ జాతి, ఆచారిగారూ. రాగి సారం కలిసి ఈ రంగొచ్చింది. నగకు బాగుంటది. మందుకు మాత్రం..." అని ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా, "అన్నా, ఏమనుకోకు" అన్నాడు.

ఏమనుకోకు! పద్దెనిమిదేళ్లు రాళ్లు అరగదీసినవాడికి రాగి రాయికీ నీలాస్థికీ తేడా తెలియలేదని నిండు సభలో తేల్చి, పైగా ఏమనుకోకట! రుచిదత్తుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. పెంకు తీసుకుని పీఠం దగ్గరికి వెళ్లాడు.

గోటితో గీకాడు. గీత పడింది. కత్తిమొన ఆనించాడు. రేక విడిపోయింది, దాని మీద ముత్యపు తళుకు. వంచాడు. వంగింది. రసం చుక్క వేశాడు. నురుగు లేదు, చప్పుడు లేదు. మౌనంగా కరిగింది. ఒక్కొక్క పరీక్షా నెగ్గింది, మిగిలింది గీత ఒక్కటే. చివరికి ఊపిరి బిగబట్టి పెంకు మీద గీశాడు.

తెల్లటి గీత పడింది.

"తెలుపు!" అని అరిచాడు. ఆ కేకలో ఉన్న సంతోషానికి అతనికే సిగ్గేసింది.

సభ మూలిగింది. మహారాజు తల చేతుల్లో పెట్టుకున్నాడు. రాజవైద్యుడు గ్రంథం మూసేశాడు. నీలాస్థే గానీ తెల్లగీతది. దేనికీ కొరగానిది.

అందరూ రాకుమారి వైపు తిరిగిన ఆ క్షణంలో రుచిదత్తుడు ఒక్కడే చేతిలోని పెంకు వైపు చూశాడు. గవాక్షం నుంచి ఎండ దాని మీద పడుతోంది. గీత అంచు మొదట బూడిద రంగుకు తిరిగింది. ఇంకో రెండు ఊపిర్లకు లేత నీలం. అతను చూస్తుండగానే, ఎవరో లోపలి నుంచి సిరా ఎక్కిస్తున్నట్టు, ఆ గీత నీలమైంది. లెక్కపెడితే ఇరవై ఊపిర్లు కూడా పట్టలేదు.

రుచిదత్తుడు పెంకును కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు. రెండు రాళ్లు లేవు! నూరేళ్లుగా రెండు అరల్లో ఉన్నది ఒకటే రాయి! చీకట్లోంచి అప్పుడే తీసినదాన్ని గీసినవాడు తెలుపన్నాడు. ఎండ చూసినదాన్ని గీసినవాడు నీలమన్నాడు. ఊపిరి కట్టుబాటు వల్ల గీత మారేదాకా ఎవరూ ఆగి చూడలేదు. తలపాగాలు ఊడేలా కొట్టుకున్న పండితులందరూ నిజమే చెప్పారు. పరీక్షకుల చరిత్రలో ఇంతటి సంగతి ఏ గురువూ కనుక్కోలేదు. తను కనుక్కున్నాడు.

ఎవరి రాయిలో? మాచన రాయిలో! ఇప్పుడు నోరు విప్పితే ఏమవుతుంది? రుచిదత్తుడు కనిపెట్టాడని ఎవరంటారు? మాచన తెచ్చాడంటారు. మాచన రాకుమారిని బతికించాడంటారు. గద్దె మాచనది. తను మాత్రం, 'రుచీ, త్రాసు పట్రా.'

"రుచీ," అన్నారు ఆచార్యులవారు పొరలు కమ్మిన కళ్లు ఇటు తిప్పి. "నా బదులు చూసింది నువ్వే. ఇంకేమైనా కనిపించిందా నాయనా?"

నాయనా అన్నారు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి. ఆ మాటకు గుండె కరగవలసింది పోయి ఇంకా మండింది. వాణ్ని రోజూ పిలిచే పిలుపు తనకు ఈనాటికి, అవసరం పడ్డాక దొరికింది.

"లేదు గురువుగారూ," అన్నాడు. పెంకును పక్కనున్న ఇసుక పళ్లెంలో బోర్లా గుచ్చేశాడు.

మాచన తను తెచ్చిన రాయిని ఆచారం ప్రకారం తనే గుమ్మం బయట ఉన్న తిరస్కారపు గంపలో వేసి, మెట్ల మీద కూలబడ్డాడు. నెగ్గని రాళ్లన్నీ ఆ గంపలోకే పోతాయి. అందులోంచి ఎవరైనా, ఏదైనా తీసుకుపోవచ్చు. అడిగే నాథుడుండడు. సున్నం కాల్చుకునేవాళ్లు వచ్చి గవ్వ జాతి రాళ్లు ఏరుకుపోతుంటారు.

రుచిదత్తుడు బయటికి వచ్చాడు. సంతోషంగా ఉండాలి కదా, ఉందామని ప్రయత్నించాడు. లోపల రాకుమారి తండ్రిని ఓదార్చడం వినిపిస్తోంది. "ఏడవకండి నాన్నగారూ, నాకు నొప్పేం లేదు" అంటోంది. రుచిదత్తుడు చెవులు మూసుకున్నాడు. గంప దగ్గర సున్నం ముసలమ్మ ఒకతె రాళ్లు ఏరుతోంది. వంగిన నడుము, చిరుగుల గుడ్డ, చేతుల నిండా సున్నం మరకలు. నెమలి రంగు రాయిని పక్కకు తోసేసింది. మాచన తెచ్చిన రాయిని తీసింది. ఎండకు దాని పైముఖం అప్పటికే లేతనీలానికి తిరుగుతోంది. ముసలమ్మ గబుక్కున దాన్ని కొంగు చాటుకు తీసుకుని, నడుముకు వేలాడే తిత్తిలోంచి తడి నల్లమట్టి తీసి, దాని చుట్టూ మెత్తేసింది.

రుచిదత్తుడు నిలబడిపోయాడు. సున్నం కాల్చేవాళ్లకు పనికొచ్చేది గవ్వ జాతి. ఆ రాయిని తోసేసి ఎముక జాతి రాయిని తీసిందంటే ఈమెకు సున్నం పనే తెలియదు. పైగా ఆ రాయికి ఎండ తగలకూడదని తెలుసు. లోకంలో ఆ సంగతి తెలిసింది తనకొక్కడికే అనుకున్నాడు. ఇంకొకడికి తెలిసే వీలుందంటే, అది పుట్టిన కోనను ఏలేవాడికి.

"కంకాళభట్టు!" అని గొణిగాడు.

ముసలమ్మ వంగిన నడుముతోనే సింహద్వారం వైపు చరచరా నడుస్తోంది. రుచిదత్తుడు పరుగెత్తాడు.

"ఆపండి! ఆ ముసలిదాన్ని ఆపండి!"

ద్వారం దగ్గరి బల్లేలు అడ్డంగా లేచాయి. భటుల నాయకుడు మీసం మీద చెయ్యి వేసుకుని వచ్చాడు.

"ఏంటయ్యా రుచిదత్తయ్యా, ఏం చేసింది?"

"రాయి తీసుకుపోతోంది!"

"గంపలో రాయే గదా బాబూ," అంది ముసలమ్మ వణుకుతూ. "సున్నానికి ఏరుకున్నా. పేదదాన్ని."

"గంపలో రాయి ఎవరైనా తీసుకుపోవచ్చు గదయ్యా. ఆ రాయి పనికిరానిదని ఇంతకుముందే నువ్వే అరిస్తివి. వీధి చివరి దాకా వినపడింది. ఇప్పుడు ఆపమంటే ఏమని ఆపాలి?" అన్నాడు నాయకుడు. జనం మూగారు. మాచన లేచి వచ్చాడు. ఆచార్యులవారు కూడా స్తంభం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

రుచిదత్తుడు జనం వైపు చూశాడు. మాంత్రికుడంటే నమ్మరు, సాక్ష్యం లేదు. ఆపాలంటే ఒకే ఒక్క దారి ఉంది. ఆ దారిలో వెళితే గద్దె పోతుంది, పేరు పోతుంది, తల కూడా పోవచ్చు. మాట్లాడకపోతే రేపటికి రాకుమారి ఉండదు, కానీ ఆ తప్పు తనదని చచ్చేదాకా ఎవరికీ తెలియదు. అసలు అబద్ధమైనా పూర్తిగా చెప్పాడా? కట్టుబాటు ప్రకారం తెలుపే కదా! బల్లేలు మెల్లగా దిగుతున్నాయి. ముసలమ్మ వాటి కిందుగా ఒక కాలు పెట్టింది.

"అది నిజమైన రాయే!" అని గొంతు చిరిగేలా అరిచాడు రుచిదత్తుడు. "గీత తెల్లగా పడి నీలంగా మారింది! నేను చూశాను. చూసి దాచాను. వీడికి గద్దె వస్తుందని ఓర్వలేక దాచాను!"

ఆచార్యులవారు స్తంభం పట్టు వదిలి, అక్కడే గడప మీద కూర్చుండిపోయారు. ఆయన తిట్టినా బాగుండేది.

ముసలమ్మ నవ్వింది. ఆ నవ్వు ఆడది కాదు. వంగిన నడుము పైకి లేచింది, ఇంకా లేచింది, ద్వారమంత ఎత్తు లేచింది. చిరుగుల గుడ్డ ఈకలైంది. భటులు చెల్లాచెదురయ్యారు. బోడిమెడ, కళ్లలో నిప్పు, ఇంటి చూరంత రెక్కలు. రాబందై నిలబడ్డ కంకాళభట్టు ఒక కాలి గోళ్ల మధ్య మట్టిముద్దను బిగించి, ఒక్క ఊపుతో గాలిలోకి లేచాడు.

రుచిదత్తుడు ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఎగిరి రెండో కాలిని కౌగిలించుకున్నాడు. నేల జారిపోయింది. అంతలో నడుముకు ఏదో బరువు తగిలి గుంజింది. కిందికి చూస్తే మాచన. అతని నడికట్టును రెండు చేతులా పట్టుకుని వేలాడుతున్నాడు.

"నువ్వెందుకురా?" అని అరిచాడు రుచిదత్తుడు.

"నువ్వొక్కడివే పోతున్నావని!"

కోట గోపురాలు కుంకుమభరిణెలంత అయ్యాయి. ఏరు వెండి దారమైంది. మబ్బుల్లోంచి చలి కొరికింది. పడమట సూర్యుడు అప్పుడే కొండల వైపు వాలుతున్నాడు. వాటి వెనకే ఎముకల కోన నల్లగా నోరు తెరుచుకుని కనిపిస్తోంది.

"అన్నా!" గాలిలో మాచన కేక. "గీత మారడానికి ఎంతసేపు పట్టింది?"

తిడతాడనుకున్నాడు రుచిదత్తుడు. శాపనార్థాలు పెడతాడనుకున్నాడు. ఇది అడుగుతాడనుకోలేదు. "ఇరవై ఊపిర్లు!"

"అయితే తెల్లగీతా నీలగీతా ఒకటే రాయే కదన్నా!"

చూశారా! తను పెంకు పట్టుకుని, కళ్లారా చూస్తే గానీ అందని సంగతి, ఈ మట్టివెధవ ఆకాశంలో వేలాడుతూ ఒక్క మాటకు పట్టేశాడు. చావు ముంచుకొస్తున్నా రుచిదత్తుడికి మళ్లీ కడుపు మండింది. ఇది చచ్చినా పోయే మంట కాదని అప్పుడే అర్థమైంది.

రాబందు బోడితల వెనక్కి తిరిగింది. కంకాళభట్టు గొంతు పాతాళం నుంచి వచ్చినట్టు వినిపించింది.

"రుచిదత్తా! నీ మనసు నాకు తెలుసు. నీలాంటివాడే నాకు కావాలి. ఇద్దరి బరువు నాకెందుకు? నీ నడికట్టు ముడి విప్పు. వాడు పోతాడు. ఈ రాయి నీ చేతికిస్తాను. తెచ్చింది నువ్వే, కనిపెట్టింది నువ్వే, రాకుమారిని బతికించింది నువ్వే. కింద నువ్వు అరిచిందేదో భయంలో అరిచావని చెప్పుకుందువు. కాదనడానికి వాడుండడు."

వాడు మాట నిలబెట్టుకుంటాడో లేదో గానీ, ఎంత మంచి బేరం! మూడేళ్లుగా రుచిదత్తుడు కన్న కలలన్నీ కూడగట్టినా ఇంత చక్కగా కుదరవు. కింద మాచన ఆ మాటలన్నీ విన్నాడు. బతిమాలలేదు. వాడి వేళ్లు తడిమట్టికి జారుతున్నాయి. నడికట్టు ముడి ఆ బరువుకు సగం వదులైంది. విప్పక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

రుచిదత్తుడు ఎడమ మోచేతి మడతలో రాబందు కాలిని ఇరికించుకున్నాడు. కుడిచెయ్యి విడిపించుకుని ముడి మీదికి పోనిచ్చాడు. రాబందు కిచకిచ నవ్వింది.

నడికట్టు గుంజినట్టయింది. మాచన కళ్లు మూసుకున్నాడు. ఒక క్షణం గడిచింది. పడలేదు. కళ్లు తెరిచి చూశాడు.

"అన్నా... ముడి విప్పలేదా?"

"బిగించానురా గాడిదా," అన్నాడు రుచిదత్తుడు పళ్లు కొరుకుతూ. "నువ్వు పోతే నేనింక ఎవర్ని చూసి ఏడవను?"

ఆ మాట పూర్తయ్యేలోగా రాబందు రెక్కలు ముడిచి, తలకిందులుగా ఎముకల కోనలోకి దూకింది.